తక్కువ తినే బండి

నమోదు 1
ఎర్రదిన్నె, బండ్ల దొడ్డి

పెద్దరోడ్డు ఎక్కే ప్రతి కుటుంబం నమోదు రాయాలని గేటు ఆఫీసు రూలు. బండికి ఎంత తిండి వేశాం, ఎంత దూరం పోయాం, మధ్యలో ఎవరైనా దిగారా, వాళ్లకు కావలసింది ఇంతే. మా ఇంట్లో అక్షరం ముక్క వచ్చినదాన్ని నేనే కాబట్టి ఈ పని నా నెత్తిన పడింది. నా పేరు సుంకమ్మ. మూడు ముక్కలు రాసి ఊరుకునే రకం కాదు నేను. చదివేవాడికి ఓపిక లేకపోతే అది వాడి ఖర్మ.

వానకొండలకు పోయే వంతు మాకు ఈ ఏడు వచ్చింది. ఇక్కడ బోర్లు ఎండిపోయాయి, చెరువులో కంప మొలిచింది. వంతు వదులుకుంటే మళ్లీ రాదు. దారి పొడుగునా పొలం లేదు, అంగడి లేదు. మాకూ బండికీ కావలసిన తిండి మేమే మోసుకుపోవాలి. పెట్రోలు మా అవ్వ కాలం నాటి మాట. ఇప్పటి బండ్లు జొన్నలు తింటాయి. వెనక పొట్టలో గింజలు, నీళ్లు వేస్తే లోపలున్న తోడు వాటిని పులియబెట్టి సారా చేస్తుంది. ఆ సారాతో ఇంజను నడుస్తుంది. మా మామ సారా తాగి పడిపోయేవాడు, బండి సారా తాగి నడుస్తుంది, అంతే తేడా. కాకపోతే దాని మూటా మా మూటా ఒకటే. అది ఎంత ఎక్కువ తింటే మా కంచాల్లోకి అంత తక్కువ వస్తుంది.

దొడ్డిలో మిగిలినవి రెండే రకాలు. ఒకటి పిచ్చుక. నలుగురికి చేసిన చిన్న బండి, తిండి తక్కువ. రెండోది ఏనుగు. ఏడుగురు కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. వెనకాల మనిషి పడుకునేంత పొడుగు సీటు ఉంది. పొట్టకు గింజలు వేసే నోరు కూడా లోపలే, ఆ సీటు పక్కనే పెట్టారు. మూత ఎత్తి వేసేయడమే, ఆగే పని లేదు. పాత బండి అప్పగించినవాళ్లకు కొత్తది ఒక్కటే ఇస్తారు.

"శేరు జొన్నకి ఎనిమిది మైళ్లమ్మా. ఇంత పెద్ద బండికి ఇంత మైలేజీ ఇంకెక్కడా లేదు" అన్నాడు దొడ్డి గుమాస్తా.

"ఎవరు ఎక్కితే ఎనిమిది?" అని అడిగాను.

వాడు నసిగాడు. "డ్రైవరు ఒక్కడే ఉంటే."

"మా ఇంట్లో డ్రైవరు ఒక్కడే పుట్టలేదు నాయనా. ఇంకా ఆరుమందిమి ఉండాం."

నా ఓటు పిచ్చుకకే. నలుగురి బండిలో ఏడుగురు పట్టరా? పెద్దవాళ్లు ముగ్గురు ముందు, మిగతావాళ్లు వెనక, పిల్లలు ఒళ్లో. "సర్దుకుంటే సరిపోతాది" అన్నాను. మా ఆయన కదిరప్ప నేల చూపులు చూశాడు. మరిది ఈరన్న మాత్రం ముందుకొచ్చాడు.

"వదినా, గంగ కూర్చోలేదు."

గంగ ఈరన్న భార్య, నా తోడికోడలు. ఇప్పుడు ఆరో నెల. ఇంతకు ముందు రెండు కాన్పులు నిలవలేదు. ఈసారి నడుం వాల్చుకునే ఉండాలని, కూర్చోబెట్టి రోడ్డు మీద కుదిపితే బిడ్డ దక్కదని మంత్రసాని గట్టిగా చెప్పింది. గింజల పెత్తనం నాది కాబట్టి అందరూ నా ముఖం చూశారు. నేనేమన్నా రాక్షసినా? సరే, ఏనుగునే తీసుకుందాం అన్నాను. కానీ నా నోరు ఊరుకోదు కదా.

"ఈ ఏనుగు నీ కోసమే వస్తాంది మే. అది తినే ప్రతి గింజా పిల్లోళ్ల కంచంలోది. గ్యాపకం పెట్టుకో" అన్నాను గంగతో.

"సరే అక్కా" అంది. ఆ పిల్ల నోట్లోంచి రోజు మొత్తం మీద వచ్చే మాటలు అవే రెండు.

నమోదు 2
బండ్ల దొడ్డి

కొత్త బండికి పసుపు కుంకుమలు పెట్టాం. నిమ్మకాయలు ఎక్కడివి, చక్రాల కింద ఉల్లిగడ్డలు పెట్టి తొక్కించాం. అంతలో మా అత్త హనుమక్క తడిగుడ్డ చుట్టిన కుండ పట్టుకుని వచ్చింది. అందులో ఉన్నది పాత బండి పొట్టలోంచి తీసిన తోడు. మా వైపు ఇది ఆచారం. పెరుగు తోడు ఒక ఇంట్లో ఎలా తరాల తరబడి సాగుతుందో బండి తోడు కూడా అలాగే సాగాలి. ఈ తోడు మా అత్తకు ఆమె అత్త ఇచ్చిందట.

గుమాస్తా చూసి పరుగెత్తుకొచ్చాడు. "అవ్వా, పోయొద్దు! దీని తోడు దీనికి కంపెనీలోనే పోసినారు. రెండూ కలిస్తే పొట్ట చెడిపోతాది."

"మా ఇంటికొచ్చిన కోడలు పుట్టింటి కూడే తింటాననింటే ఒప్పుకుంటామా నాయనా? మా గడప తొక్కినాక మా తోడే" అంది అత్త.

వాడు నెత్తి కొట్టుకుని పోయాడు. నేను ఆపి ఉండవచ్చు. ఆపలేదు, ఎందుకంటే నాకూ ఆశ. మా పాత బండి పొట్టు వేసినా తౌడు వేసినా నోరెత్తకుండా నడిచేది. ఆ గుణం ఏనుగుకు అబ్బితే గింజలు మిగులుతాయి కదా. అత్త పోస్తుంటే గరాటు పట్టుకున్నది నేనే.

నమోదు 4
పెద్దరోడ్డు

నిజం చెప్పొద్దూ, సుఖంగానే ఉంది. ఈరన్న, మా ఆయన మార్చి మార్చి నడుపుతున్నారు. నేను మధ్య సీట్లో గింజల మూటల పక్కన కూర్చున్నాను. మా పాప చౌడి, చిన్నోడు పెన్నయ్య కిటికీలు పంచుకున్నారు, ఇంకా కొట్టుకోలేదు. అత్త కాళ్లు చాపుకుని, తాను రాణిలా పోతున్నానని పదిసార్లు చెప్పింది. గంగ వెనక పొడుగు సీటు మీద పడుకుంది. మా ముఖాలు తనకు కనబడవు, తన ముఖం మాకు కనబడదు.

తిండి దగ్గర కూడా అత్తది ఒకటే మాట. ముందు బండికి, తర్వాత మనకు. ఎద్దులున్న కాలంలో ఎద్దుకు మేత వేయకుండా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టేవాళ్లు కాదట. పొయ్యిలోకి ముళ్లకంపకు రోడ్డు పక్కన కొదవలేదు, మధ్యాహ్నం ఆగినచోట మూడు రాళ్లు పెట్టి సంగటి కెలికాను. గంగకు రెండు ముద్దలు, మిగతా అందరికీ ఒక్కొక్కటి. కడుపుతో ఉన్నదానికి ఎక్కువ పెట్టడంలో నేను పిసినారిని కాను, ఇది గేటు ఆఫీసువాళ్లు గమనించాలి.

నమోదు 7
పెద్దరోడ్డు

గుమాస్తా నోట్లో నిప్పులు పోయ, వాడు చెప్పిందే అయింది. పొట్టలోంచి పుల్లటి కంపు. లోపల గుడగుడమని ఒకటే చప్పుడు. వేసిన గింజ వేసినట్టే అడుగున కూర్చుంటోంది, సారా ఊరడం లేదు. ఇంకా వేస్తే ఇంకా మింగుతోంది. నిన్న శేరుకు అయిదు మైళ్లు వచ్చాం, ఇవాళ నాలుగు కూడా రాలేదు. గుట్ట ఎక్కేటప్పుడు మేమందరం దిగి నెట్టాం. గంగ కూడా దిగబోయింది.

"నువ్వు పడుకో తల్లీ. నీ కోసమే కదా ఇంత పెద్ద బండి" అన్నాను, చెమట కారుతున్న కోపంలో.

ఆమె మళ్లీ పడుకుంది. అత్త మాత్రం కొత్త కోడలు కుదురుకునేదానికి నాలుగు దినాలు పడుతుందని అంటోంది. నాకు నవ్వు రాలేదు.

నమోదు 9
మొదటి గేటు

గేటు దగ్గర మూటలు తూచారు. గేటాయన నా రాతలు చూసి, వేళ్ల మీద లెక్కేసి, తల అడ్డంగా ఊపాడు.

"ఇట్ల తింటే కొండల దాకా చాలదమ్మా. ఈడికి వదిలిపెడతా. రెండో గేటు కాడ కూడా లెక్క ఇట్లనే ఉంటే బరువు తగ్గించల్ల. ఇద్దరు దిగల్ల."

"దిగినోళ్లు యాడికి పోతారు?" అని అడిగాడు కదిరప్ప.

ఆయన చేత్తో చూపించాడు. గేటు పక్కన రేకుల కొట్టం. ఖాళీ సీటున్న బండి ఏదైనా వస్తే ఎక్కించుకుంటుందని అందులో మనుషులు కూర్చుని ఉన్నారు. ఎక్కువమంది ముసలివాళ్లే. ఖాళీ సీటున్న బండి ఈ రోడ్డు మీద నేను ఒక్కటి చూడలేదు. వాళ్లు మా ఏనుగును, దాని కిటికీలను, లోపల పరిచిన పొడుగు సీటును చూశారు. ఒకామె పెన్నయ్యకు చెయ్యి ఊపింది. వాడు ఊపబోతే నేను వాడి చెయ్యి పట్టుకుని కిందికి లాగాను. ఎందుకు లాగానో నాకే తెలియదు, సిగ్గేసింది.

బండి కదిలాక అత్త మెల్లగా అంది. "నేను దిగుతా. నా తోడే కదా దాని పొట్ట చెరిపింది. ఇంకొకరు ఎవరో మీరే చూసుకోండి."

"నువ్వు నోరు మూసుకో అత్తా" అన్నాను. నా జీవితంలో ఆమెను ఆ మాట అనడం ఇదే మొదలు. ఆమె ఏడ్చింది, చౌడి ఏడ్చింది. వెనకనుంచి గంగ శబ్దం మాత్రం ఏమీ రాలేదు. నిద్రపోయిందనుకున్నాను.

నమోదు 10
పెద్దరోడ్డు

ఇవాళ్టి నుంచి ఒంటిపూట తిండి. పెద్దలకు ముద్దలో సగం, పిల్లలకు ముద్ద, గంగకు రెండు. గంగ వంతులో చెయ్యి పెట్టను. మంత్రసానికి మాట ఇచ్చాను. కంచం ఆమెకు అందించి "మెతుకు పారేస్తే ఊరుకోను, అది పిల్లోళ్ల నోటికాడిది" అని కూడా చెప్పాను. అన్నం పారేసేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట.

నమోదు 12
పెద్దరోడ్డు

ఒక మంచి మాట రాస్తున్నాను. ఇవాళ బండి లాగింది. శేరుకు ఆరు మైళ్లు! గుడగుడ తగ్గింది, కంపు కూడా తగ్గింది. ఏమైందో ఎవరికీ తెలియదు. అత్త ముఖం చూడాలి.

"సూడు, కుదురుకునింది! మా అత్త ఇచ్చిన తోడు, ఉత్తదా?" అని చక్రం దగ్గరకు పోయి దండం పెట్టింది.

ఈరన్న స్టీరింగు మీద తాళం వేస్తూ పాట ఎత్తుకున్నాడు. గొంతు బాగోలేదు, కానీ ఎవరూ ఆపమనలేదు. వెనక్కి తిరిగి "గంగా, వింటివా? ఆరు మైళ్లు" అన్నాను. "వింటి అక్కా" అంది. గొంతులో సంతోషం ఉంది. ఈ ప్రయాణంలో ఆ పిల్ల సంతోషంగా మాట్లాడింది ఇదే మొదటిసారి.

నమోదు 14
పెద్దరోడ్డు

ఆరు నిలకడగా వస్తోంది. నేను ఒక పని చేశాను. బండికి వేసే గింజల్లో నాలుగో వంతు తగ్గించి చూశాను. ఏమీ తేడా రాలేదు. అదే దూరం పోయింది! అంటే శేరుకు ఎనిమిది. గుమాస్తా చెప్పిన ఎనిమిది, ఏడుగురం ఎక్కి కూర్చున్నా.

"నీ అంత గట్టిదాన్ని యాడా చూడలేదు సుంకీ" అన్నాడు కదిరప్ప. పెళ్లయిన పదిహేనేళ్లకు మెచ్చుకున్నాడు. గర్వంగానే ఉంది, ఎందుకు దాచాలి?

మిగిలిన గింజలు రెండో గేటు లెక్క కోసం పక్కన పెట్టాను. గంగ కంచం తళతళలాడుతూ తిరిగి వచ్చింది. మెతుకు లేదు, మరక లేదు. "నాకి పెట్టినావా మే?" అని ఎగతాళి చేస్తే నవ్వింది.

నమోదు 17
రెండో గేటు

దాటాం! గేటాయన మూటలు రెండుసార్లు తూచాడు. నమ్మలేక బండి చుట్టూ తిరిగాడు. "ఏమి పెడతాండారు దీనికి?" అని అడిగాడు. "జొన్నలే" అన్నాను. ఎవరూ దిగనక్కర్లేదని చెప్పి కర్ర ఎత్తాడు.

అత్త కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎవరికీ కనబడకుండా దిగడానికి గుడ్డలు మూట కట్టుకుని ఉంచుకుందట పాపం. ఆ మూట విప్పి, అందులోని ఎర్ర చీర గంగ మీద కప్పింది. "బిడ్డ కడుపులో పడిన వేళ మంచిది" అంది.

నేను ఇంకొంచెం తగ్గించి చూద్దామనుకుంటున్నాను. ఇంకా చాలా రోడ్డు ఉంది, చివర్లో కొండ ఎక్కుడు ఉంది.

నమోదు 19
పెద్దరోడ్డు

బండికి వేసేది సగం చేశాను. ఉదయం మొరాయించింది. మధ్యాహ్నం తిండి వేళ దాటాక మళ్లీ దారిన పడింది. రోజూ ఇదే వరస. పొద్దున బద్ధకం, మధ్యాహ్నం తర్వాత ఉషారు. మా ఆయన కూడా అంతే, కాబట్టి నేను పెద్దగా ఆలోచించలేదు.

గంగను దింపి స్నానం చేయించాం. చేతులు పుల్లల్లా ఉన్నాయి, దవడలు పీక్కుపోయాయి. అత్త మాత్రం "తినేదంతా లోపలి బిడ్డకే పోతాది, నాకూ అట్లనే ఉండె" అంది. అయినా నా మనసు ఒప్పుకోలేదు. బండికి తగ్గించిన దాంట్లోంచి ఇవాళ గంగకు మూడో ముద్ద కెలికాను, దానిమీద దాచిపెట్టిన బెల్లం ముక్క కూడా పెట్టాను. పిల్లలు ఆ బెల్లం వైపు చూస్తుంటే కళ్లు మూసుకుని వెనక్కి అందించాను.

సాయంత్రం బండి ఎగిరి దూకినట్టు పోయింది.

నమోదు 22
పెద్దరోడ్డు

ఏం రాయాలో తెలియదు. రాయకపోతే గేటు దగ్గర అడుగుతారు.

పొద్దున ఎండ ఎక్కే వేళ గంగకు నొప్పులు వచ్చాయి. ఏడో నెల కూడా నిండలేదు. రోడ్డు పక్కన వెడల్పుగా ఉన్నచోట ఆపాం. మగవాళ్లను, పిల్లలను దూరంగా పంపి, అత్తా నేనూ లోపల ఉన్నాం. పొడుగు సీటు మీద చోటు చాలినంత ఉంది.

ఆడపిల్ల. ఏడవలేదు. అత్త తలకిందులుగా పట్టుకుని వీపు తట్టింది, నోట్లో ఊదింది, మళ్లీ తట్టింది. నా అరచేయి, ఇంకో నాలుగు వేళ్లు, అంతే ఉంది బిడ్డ. ఎముకలకు చర్మం అతికించినట్టు ఉంది. మూడు ముద్దలు తినే తల్లి కడుపులో ఇలాంటి బిడ్డ ఎలా పెరిగిందో నాకు అర్థం కాలేదు.

ఈరన్న గింజలు తోడే రేకు చేటతోనే గుంత తీశాడు. ఎర్ర చీరలో చుట్టి పెట్టాం. గంగ లేవలేకపోయింది. "బండి ఆపొద్దండి, నా కోసం ఆపొద్దండి" అని మాత్రం అంటూనే ఉంది.

నమోదు 23
పెద్దరోడ్డు

ఈ రోజు నేను మధ్య సీట్లో కూర్చోలేదు. గంగ తల ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. ఏనుగు తీసుకున్నప్పటినుంచి నేను ఆ సీటు మీద కూర్చోవడం ఇదే మొదలు. గింజలు వేయడానికి వంగి మూత ఎత్తడం, దించడం, అంతవరకే వచ్చేదాన్ని.

మధ్యాహ్నం సంగటి మెత్తగా పలచగా చేసి, చిన్న ముద్ద తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. గంగ కళ్లు సగం మూసే ఉన్నాయి. చెయ్యి ఎత్తి నా వేళ్లలోంచి ముద్ద తీసుకుంది. తినలేదు. అటు తిరగకుండానే ఇంకో చేత్తో బండి పొట్ట మూత ఎత్తి, ముద్ద లోపల వేసి, మూత చప్పుడు కాకుండా దించింది. బాగా అలవాటైన చెయ్యి అది.

"ఏం చేస్తాండావే?" అన్నాను.

"ముందు దానికి పెట్టక్కా. ఆగిపోతే అత్తను దింపేస్తారు."

ఎన్నాళ్లనుంచి అని అడిగాను. మొదట కావాలని చేయలేదట. ఒంటిపూట మొదలైన మూడో రోజు సంగటి వాసనకు వాంతి వచ్చింది, మింగుడు పడలేదు. పారేస్తే నేను తిడతానని భయమేసి ముద్దలు రెండూ పొట్టలో వేసి మూత పెట్టేసింది. ఆ రోజు బండి ఆరు మైళ్లు లాగింది. అందరూ నవ్వారు, ఈరన్న పాడాడు. మరుసటి రోజు ఆకలేసింది, అయినా ఒకటి వేసింది. ఆ తర్వాత నేను గింజలు తగ్గించిన రోజు రెండూ వేసింది. నేను సగం చేసినప్పటినుంచి అన్నీ వేసింది. నేను తగ్గించినదల్లా ఆమె పూడ్చుకుంటూ వచ్చింది.

జబ్బు పడ్డ పొట్టకు పచ్చి గింజ అరగదు. ఉడికింది అరుగుతుంది. జ్వరం వచ్చినవాడికి జావ కాచి పోస్తాం, ఇంత చిన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. బండి గింజలను బండికే వండి పెట్టి ఉంటే సరిపోయేది. కంపకు కొదవలేదు, కుండ ఉంది, నా చేతులున్నాయి.

"ఒక్క మాట చెప్పకూడదా తల్లీ? చెప్పింటే దాని గింజలు దానికే వండేసేదాన్ని కదా!" అని ఆమె భుజాలు పట్టుకుని అరిచాను.

గంగ నా వైపు చూసింది. "నా ముద్ద పారేసినానని ఎట్ల చెప్పేది అక్కా? నువ్వు కొడతావేమో అనుకుంటి."

నేను ఆమెను ఎప్పుడూ కొట్టలేదు. కొట్టే అవసరం లేకుండా చేసుకున్నాను. ఒక పిల్ల తన ఆకలి సంగతి చెప్పుకోలేని ఇల్లు కట్టి, దాని గింజల పెత్తనం చేస్తున్నానని మురిసిపోయాను. ఇది గేటు ఆఫీసుకు అక్కర్లేని మాట. అయినా రాస్తున్నాను, చదవండి.

నమోదు 24
పెద్దరోడ్డు

బండికి గింజలు వండి వేశాం. శేరుకు తొమ్మిది మైళ్లు.

మా అత్తకు సంగతి చెప్పాను. తన తోడు కుదురుకుందని దండం పెట్టిన ఆ చక్రం పక్కనే కూలబడింది. ఈరన్న నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడమే మంచిది. గంగకు నేనే తినిపిస్తున్నాను. పొట్ట మూతకు తాడు కట్టేశాను. అయినా ముద్ద చేతికిస్తే ఆ చెయ్యి అటే పోతోంది. అందుకని చేతికివ్వను, నోట్లోనే పెడతాను, మింగేదాకా చూస్తాను.

నమోదు 29
వానకొండలు

చేరాం. వాన పడుతోంది. పెన్నయ్య వానను ఎప్పుడూ చూడలేదు, భయపడి బండి కిందికి దూరాడు. మాకిచ్చిన కొట్టానికి మొత్తం పైకప్పు ఉంది. గంగను ఆసుపత్రి పాకలో పెట్టారు. మనిషి దక్కుతుందంటున్నారు. మాట్లాడదు, కానీ పొద్దున రాగిజావ తానే గిన్నె పట్టుకుని తాగింది. ఈరన్న ఆమె పక్కనే ఉన్నాడు. నేను లోపలికి పోతే లేచి బయటికి వెళ్తాడు.

ఇక్కడికి రాగానే బండి అప్పగించాలి. కొండల్లో చోటు చాలక ఇంకా ముందుకు, తూర్పు దిక్కుకు పోయే కుటుంబాలకు ఇస్తారు. ఇక్కడి దొడ్డి ఆయన నా నమోదుల్లో మైళ్లు మాత్రం చూసి, మిగతాది తిప్పేసి, ఏనుగు నుదుటి మీద సున్నంతో "శేరుకు 9" అని రాశాడు. ఈ దారిలో ఇంత మైలేజీ వచ్చిన పెద్ద బండి ఇదేనట. నా భుజం తట్టాడు. అప్పుడే దాని చుట్టూ జనం చేరారు. తలుపులు తీసి చూస్తున్నారు, సీట్ల మీద ఎక్కి దిగుతున్నారు. ఒక ముసలాయన పొడుగు సీటు మీద పడుకుని చూసి, బాగుందని తల ఊపాడు.

ఒకామె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. మా వైపు మనిషే, కదిరి దగ్గర ఊరట. నా వయసే ఉంటుంది. నడుముకు గింజల పెట్టె తాళాలు దోపుకుని ఉంది. వెనకాల మొగుడు, అత్తమామలు, పిల్లలు, తడిసిన కొంగు పిండుకుంటూ ఒక చిన్న కోడలు.

"అక్కా, ఈ బండి నీదేనంట కదా. చానా దూరం పోవల్ల మేము. పిచ్చుక తీసుకుంటే ఇరుకు, ఇది తీసుకుంటే గింజలు చాలవేమో అని భయంగా ఉండాది. ఇది చూస్తే ఇంత పెద్దగా ఉంది, తినేది మాత్రం తక్కువని రాసినారు. నిజమేనా? నిజంగా తక్కువ తినిందా?"

గింజలు వండి వేయమని చెప్పాను. ఎలా వండాలో, నీళ్లెన్ని పోయాలో చెప్పాను. పాత తోడు పోయొద్దని చెప్పాను. ఆమె అన్నీ శ్రద్ధగా విని, మళ్లీ అదే అడిగింది.

"అది సరే అక్కా, తక్కువ తినిందా లేదా?"

"బండి బాగానే తినింది" అన్నాను. "తిననిది మా గంగ."